ఇంజను మార్పిడిలో ఔచిత్యం

ఛందస్సు చెప్పే అధ్యాపకుడు మోటారు ఇంజన్లను గురించి వ్యాసం వ్రాయటం పాఠకులకు వింతగా తోచవచ్చును. తోచినా తప్పు లేదు. అయితే ఈ సంచికకు వ్యాసం కావలెనని సంపాదకవర్గం వారు అడిగిన వారంలోనే నా పూర్వవిద్యార్థి ఒకడు హిందూపురంలోని తన మేనమామ షెడ్డుకు నన్ను వెంటబెట్టుకొని పోయినాడు. అక్కడ నాలుగు చక్రాల మీద నిలిచి, ముందుభాగం తెరిచి ఉన్న ఒక చిన్న బండిని చూపి, "సార్, దీనికి ఏ ఇంజను వేయమంటారు?" అని అడిగినాడు. ఆనాడు నేను చెప్పిన సమాధానాన్నీ, అప్పటికప్పుడు తోచక చెప్పలేకపోయిన సమాధానాన్నీ ఇక్కడ వ్రాస్తున్నాను. ప్రశ్న ఒక్క బండికి సంబంధించినదే అయినా, అందులోని విచారం మన విద్యార్థులందరికీ పనికివచ్చేదని నా నమ్మకం.

ముందుగా ఆ బండి సంగతి చెప్పాలి. 1957లో ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్ అనే రెండు సీట్ల క్రీడాకారును రూపొందించినాడు. ఇనుప గొట్టాల చట్రం, తేలికైన రేకు పైతొడుగు, ముందు ఇంజను, వెనుక చక్రాలకు చలనం. ఇంతే దాని నిర్మాణం. దానిని విడిభాగాల పెట్టెగా కొనుక్కొని ఇంటివద్ద బిగించుకొంటే ఆ దేశంలో కొనుగోలు పన్ను పడేది కాదు. అందువల్ల సామాన్య ఉద్యోగులు సైతం తమ ఇంటి కొట్టంలో కారు కట్టుకొన్నారు. 1973లో పన్నుల విధానం మారినది. ఆ ఏడే ఆ బండి హక్కులు కేటర్‌హామ్ అనే సంస్థకు చేరినవి. మన దేశంలోనూ ఇటువంటి ప్రయత్నం లేకపోలేదు. మహారాష్ట్రలోని అలీబాగ్ ప్రాంతంలో చింకారా మోటార్స్ వారు ఇదే తరహా రోడ్‌స్టర్ కార్లను 1.8 లీటర్ల ఇసుజు ఇంజనుతో చేతిపనిగా నిర్మించినారు.

మా వాడు ఇవన్నీ చదివినాడు. బి.కాం. పూర్తిచేసి, ఉద్యోగం దొరికేలోగా మేనమామ షెడ్డులో చేయి కాల్చుకొంటూ వెల్డింగు నేర్చినాడు. మూడేళ్ళు శ్రమించి చట్రం కట్టినాడు. పాత ప్రీమియర్ పద్మిని కారు నుండి ఇంజను, గేర్‌బాక్సు, వెనుక ఇరుసు తీసి బిగించినాడు. ఆ ఇంజను 1089 సి.సి.; శక్తి సుమారు 40 అశ్వశక్తి. మొదటి లోటస్ సెవెన్‌లోని ఫోర్డు ఇంజను కూడా 1172 సి.సి.తో ఇంచుమించు అంతే శక్తి కలది. కనుక ఆరంభంలో ఎంపిక సరియైనదే. పెనుకొండ వైపు ప్లాట్లు వేసి, రోడ్లు పోసి, ఇళ్ళు మాత్రం రాని ఒక లేఅవుటులో యజమాని అనుమతితో బండిని నడిపి చూసేవాడు. గడచిన వేసవిలో ఒకనాడు రేడియేటరు గొట్టం ఊడి నీరంతా కారిపోయినది. మన జిల్లా ఎండ సంగతి మనకు తెలియనిది కాదు. అతడు గమనించేలోగానే హెడ్డు వంకరపోయినది, బ్లాకు పగిలినది. సిలిండరు అరిగితే బోరింగు చేసి స్లీవు వేయవచ్చును. నీటి గది గోడ నిలువునా పగిలితే అతుకును నమ్మి ప్రయాణం చేయలేము. వేరొక ఇంజను తప్పదని అతని మేనమామ, ఆ షెడ్డు ఉస్తాదు, తేల్చిచెప్పినాడు.

ఇక్కడ చిక్కు మొదలైనది. ధర్మవరంలో ఒక మధ్యవర్తి వందకు పైబడిన అశ్వశక్తి గల సరికొత్త డీజిలు టర్బో ఇంజను చవకగా ఇప్పిస్తానన్నాడు. బిల్లు మాత్రం ఉండదట. వారంలోగా బయానా ఇవ్వాలట. చెల్లెలి చదువుకని తల్లి దాచిన సొమ్ములో నుండి ఆ బయానా ఇవ్వటానికి మా వాడు సిద్ధపడినాడు. నన్ను పిలిచినది సలహాకు కాదనీ, తన నిశ్చయానికి నాచేత తల ఊపించుకొనుటకేననీ కొంతసేపటికి నాకు బోధపడినది. నేను తల ఊపలేదు. "సార్, మీరు తెలుగు చెప్పేవారు. ఇంజను సంగతి మీకెలా తెలుస్తుంది?" అన్నాడు వాడు, మర్యాద తప్పకుండానే.

నిజమే. కాని ఇంజను మార్పిడి వంటి పని మేము ప్రతిదినం తరగతిలో చేస్తూనే ఉన్నాము. పద్యంలో ఒక పదం చెడినదనుకొందాం. దానిని తీసి మరొకటి వేయాలంటే అంతకన్న గంభీరమైన పదం దొరికితే చాలునా? గణం సరిపోవాలి. యతిస్థానంలో మైత్రి కుదరాలి. ప్రాసాక్షరం తప్పకూడదు. ఎంత గొప్ప పదమైనా ఆ చోట ఇమడకపోతే పద్యం కూలిపోతుంది. ఇంజనుకూ ఇదే న్యాయం. దాని గొప్పతనం దానిలో లేదు. అది ప్రవేశించే బండితో దానికి కుదిరిన పొత్తులో ఉన్నది. దీనినే మన ఆలంకారికులు ఔచిత్యమన్నారు. ఇంజను ఎన్నుకొనేటప్పుడు శక్తిని గురించిన ప్రశ్న చివర అడగవలసినది. దానికి ముందు అడగవలసినవి నాలుగున్నవి.

మొదటి ప్రశ్న: బరువెంత? ఇంజను, గేర్‌బాక్సు దింపిన ఆ బండిని చింతపండు బస్తాల లారీలను తూచే కాటా మీద నిలిపితే సుమారు 460 కిలోలు తూగినది. ఇప్పుడొక లెక్క వేద్దాం. 60 అశ్వశక్తి గల పాత జీపు డీజిలు ఇంజను గేర్‌బాక్సుతో కూడి 270 కిలోలనుకొంటే బండి 730 కిలోలవుతుంది. టన్నుకు 82 అశ్వశక్తి పడుతుంది. అంబాసిడర్ కారులో వచ్చిన 1817 సి.సి. ఇసుజు ఇంజను శక్తి సుమారు 75. అది 200 కిలోలనుకొంటే టన్నుకు 113 వస్తుంది. మారుతీ జిప్సీలోని 1298 సి.సి. పదహారు కవాటాల ఇంజను 80 అశ్వశక్తి ఇస్తుంది. దాని బ్లాకు అల్యూమినియం కనుక గేర్‌బాక్సుతో 130 కిలోలనుకొందాం. టన్నుకు 135 దాటుతుంది. మారుతీ ఓమ్నీలోని 796 సి.సి. ఇంజను 37 అశ్వశక్తితో 110 కిలోలనుకొంటే టన్నుకు 65 మాత్రమే. బరువులు నా అంచనాలే. పది కిలోలు అటూ ఇటూ అయినా ఫలితం తారుమారు కాదు. 1.8 లీటర్ల ఇంజను కన్న 1.3 లీటర్ల ఇంజను ఈ బండిని చురుకుగా నడుపుతుందన్నమాట. పెద్దది బలమైనదని భ్రమించటం వాపును చూసి బలుపనుకొనటమే.

డీజిలు ఇంజను బరువెక్కటానికి కారణం ఉన్నది. పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని నిప్పురవ్వ మండిస్తుంది. డీజిలులో నిప్పురవ్వ లేదు. గాలిని విపరీతంగా అదిమి వేడెక్కించి అందులోకి ఇంధనం చిమ్మితే అది మండుతుంది. ఆ ఒత్తిడికి తట్టుకొనుటకు బ్లాకు, క్రాంకు, పిస్టన్లు దళసరిగా ఉండాలి. ఆ బరువంతా క్రీడాకారు ముందు చక్రాల మీద పడితే స్టీరింగు బిగుసుకొంటుంది. మలుపులో ముక్కు బయటకు తోసుకొని పోతుంది. సన్నని గొట్టాల చట్రం అతుకుల వద్ద విచ్చుకొంటుంది. బరువు పెరిగితే బ్రేకులు మార్చాలి, స్ప్రింగులు మార్చాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మీదుగా పోయే రైలుమార్గం ఒకప్పుడు మీటరు గేజి. దాని మీద పెద్ద గేజి ఇంజను నడపాలని సంకల్పించినపుడు పట్టాలు, దిమ్మెలు, వంతెనలు అన్నీ చూసుకొన్న తరువాతనే పెద్ద ఇంజను వచ్చినది. రైల్వేవారికి ఉన్న ఆ ఓపిక మనకూ ఉండాలి.

రెండవ ప్రశ్న: పొత్తు కుదురుతుందా? ఇంజను బండిలో పొడవుగా కూర్చుంటుందా, అడ్డంగా కూర్చుంటుందా అనేది ముఖ్యం. నేటి చిన్నకార్లలో అధికభాగం అడ్డంగా అమర్చిన ఇంజన్లే. వాటి గేర్‌బాక్సు, డిఫరెన్షియలు ఒకే పెట్టెలో ఉండి ముందు చక్రాలను తిప్పుతవి. మా వాని బండిలో వెనుక చక్రాలు తిరగాలి. మధ్యవర్తి చూపిన ఇంజను ఈ అడ్డజాతిది. దానిని నిలువుగా తిప్పి బిగించాలంటే వేరొక గేర్‌బాక్సు కావాలి, దానికి నడుమ అతుకుపలక చేయించాలి. లేత్ మీద తీసిన ఆ పలక వెంట్రుకవాసి పక్కకు జరిగినా క్లచ్చి కొట్టుకొంటుంది, బేరింగు అరిగిపోతుంది. ఇక సరికొత్త డీజిలు ఇంజను ఒంటరిగా బ్రతకదు. దానిని నడిపే కంప్యూటరు, తాళంచెవిని గుర్తించే పరికరం, పదులకొద్దీ సెన్సార్లు, వెయ్యి వాతావరణ పీడనాలను మించి ఇంధనాన్ని తోసే పంపు, ఇన్నీ తోడు రావాలి. ఇంజను మాత్రం కొని తెచ్చుకొనటం వీణను వదిలి తంతిని తెచ్చుకొన్నట్లు.

ఈ దృష్టితో చూస్తే జిప్సీ ఇంజనులో ఒక సౌలభ్యం కనబడుతుంది. అది పొడవుగా కూర్చుంటుంది. నాలుగు చక్రాలకూ శక్తిని పంచే పెట్టె ఆ బండిలో గేర్‌బాక్సుకు అతుక్కొని ఉండదు. చిన్న షాఫ్టు దూరంలో విడిగా ఉంటుంది. దానిని వదిలివేసి గేర్‌బాక్సు నుండి నేరుగా వెనుక ఇరుసుకు ప్రొపెల్లరు షాఫ్టు కలుపవచ్చును. కేటర్‌హామ్ వారు సైతం తమ సెవెన్ 160 అనే చిన్నకారులో 660 సి.సి. సుజుకీ ఇంజనునే వాడి 80 అశ్వశక్తి సాధించినారు. ఆ కారు బరువు 500 కిలోలు లేదు.

కొలతల విషయం మరువరాదు. ధర్మవరంలో మగ్గం మీద జాకార్డు పెట్టె ఎక్కించదలచిన నేతకాడు ముందుగా ఇంటి కప్పు ఎత్తు చూసుకొంటాడు. కప్పు అందకపోతే ఎంత మంచి జాకార్డైనా వీధిలోనే ఉండాలి. అట్లే ఇంజను పైభాగం బానెట్టుకు తగులుతుందా, క్రింది నూనె సంపు ముందరి అడ్డకమ్మీకి తగులుతుందా, సైలెన్సరు గొట్టం స్టీరింగు కడ్డీకి అడ్డం వస్తుందా అని అట్టముక్కలతో నమూనా చేసి చూడాలి. అట్టముక్కకు ఖర్చు లేదు. ఇనుము కోసిన తరువాత పశ్చాత్తాపానికి ఖర్చు ఉన్నది.

మూడవ ప్రశ్న: చెడితే ఎవరు బాగుచేస్తారు? దీనిని మన యువకులు చాలా చిన్నచూపు చూస్తారు. ఆ షెడ్డు ఉస్తాదు నాతో ఒక మాట అన్నాడు: "సార్, ఇంజను ఎక్కించటం రెండు రోజుల పని. దాన్ని పదేళ్ళు నిలబెట్టటమే పని." పద్మిని ఇంజనే మరొకటి తెచ్చి వేస్తే బోల్టు కూడా మార్చనక్కరలేదు, కాని ఆ కారు తయారీ ఆగి ఏళ్ళు గడచినవి, ప్రతి గ్యాస్కెట్టుకూ బెంగుళూరు పాతసామాను సందుల్లో తిరగాలి. అంబాసిడర్ తయారీ కూడా 2014లో ఆగిపోయినది. జిప్సీ, ఓమ్నీ 2019లో ఆగినా, వాటి ఇంజన్ల కుటుంబం లక్షల బండ్లలో తిరిగినది. వాటి పిస్టను రింగు అడిగితే మన ఊరి కొట్లలో కుర్రవాడు పెట్టె తీసి ఇస్తాడు. చెవితో విని జబ్బు చెప్పగల మెకానిక్కులు ప్రతి వీధిలో ఉన్నారు. ఈ జ్ఞానం ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. మన షెడ్లలో, చాలవరకు బడి మానిన మన పిల్లల చేతుల్లో ఉన్నది. నల్లబడిన ఆ చేతులను చూసి ముఖం చిట్లించుకొనే మనం, దారిలో బండి ఆగినప్పుడు మాత్రం "భాయ్, కాస్త చూడు" అని బ్రతిమాలుతాము. ఇంజను ఎన్నుకొనటమంటే దానిని సాకగల మనుషులను కూడా ఎన్నుకొనటమే.

నాల్గవ ప్రశ్న: కాగితమున్నదా? పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యం దానిది. 2025లో ఆ కర్మాగారానికి చెందిన దాదాపు 900 ఇంజన్లు కొన్నేళ్ళుగా దొంగిలింపబడినవని పోలీసులకు ఫిర్యాదు చేరిన వార్త మన పత్రికలన్నిటిలోనూ వచ్చినది. మధ్యవర్తి చూపిన ఇంజనుకూ ఆ వార్తకూ సంబంధమున్నదని నేను అనను. అనుటకు ఆధారం లేదు. కాని ఆ వార్త చదివిన తరువాత కూడా ఈ ప్రాంతంలో బిల్లులేని కొత్త ఇంజనును చవకగా కొనదలచినవాడు తన ఇంటి తలుపు తానే పోలీసులకు తెరుస్తున్నాడు. ప్రతి ఇంజను మీద ఒక సంఖ్య చెక్కి ఉంటుంది. ఆ సంఖ్య ఏ బండిది, ఆ బండి ఎవరు అమ్మినారు, రద్దు పత్రమేది అనే ప్రశ్నలకు జవాబు లేని ఇంజను ఇనుపముక్క కన్న హీనం. హలాలైన సంపాదనతో కొనే వస్తువు మూలం కూడా హలాలై ఉండాలని మన పెద్దలు చెప్పినది అన్నం విషయంలోనే కాదు.

కాగితం ప్రశ్నలో మరొక భాగమున్నది. అది వినగానే మా వాని ముఖం వాడిపోయినది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, నమోదైన వాహనాన్ని తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని మార్చరాదు. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం కూడా ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టినది. వేరొక ఇంధనానికి, విద్యుత్తుకు మార్చుకొనుటకు నిబంధనలతో దారి ఉన్నది. ఇంటివద్ద కట్టిన క్రీడాకారును రోడ్డెక్కించుటకు మాత్రం సామాన్యునికి అందే దారి లేదు. కొత్త నమూనాలను పూణే వంటిచోట్ల పరీక్షించే సంస్థలున్నవి; ఆ పరీక్షలు వేలకొద్దీ బండ్లు అమ్మే సంస్థను దృష్టిలో ఉంచుకొన్నవి. ఒకే బండి కట్టుకొన్న యువకుడు ఆ మెట్లెక్కలేడు.

నియమం అనవసరమని నేనను. రోడ్డు మీద పోయే పాదచారి ప్రాణం మా వాని ముచ్చట కన్న విలువైనది. కాని నిషేధించుట ఒక్కటే రక్షణ కాదు. బ్రిటనులో ఒక్కొక్క బండిని విడిగా పరీక్షించే విధానం 1998 నుండి ఉన్నది; 2009లో దానిని మరింత కట్టుదిట్టం చేసినారు. బ్రేకులు, దీపాలు, స్టీరింగు, సీటుపట్టీలు, పొగ అన్నీ చూస్తారు. నిలిస్తే నంబరు ఇస్తారు; నిలవకపోతే ఎక్కడ లోపమో చెప్పి పంపుతారు. అటువంటి పరీక్ష రాష్ట్రానికొక చోటనైనా మన దేశంలో ఏర్పడాలని నా అభిప్రాయం. ఏటా లక్షల కార్లు తయారయ్యే మన జిల్లాలో, ఒక్క కారును తన చేతులతో కట్టినవాడు చట్టం కంటికి అపరాధిగానే కనబడటం ఉచితం కాదు. ఇంజనీరింగు విద్యార్థులు బాహా, సుప్రా పోటీలకు స్వయంగా కార్లు కడుతున్నారు. సుప్రా కార్లలో పలువురు 373 సి.సి. కెటిఎం మోటారుసైకిలు ఇంజనును వాడుతున్నారు. కాలేజీ పేరుంటే ప్రశంసాపత్రం, షెడ్డు పేరుంటే జరిమానా అనే భేదం తొలగాలి. అంతవరకు మా వాడు తన బండిని ప్రైవేటు స్థలంలోనే, అనుమతితోనే నడపాలి. తెల్లవారుజామున ఎవరూ చూడరని జాతీయ రహదారి మీదికి తీసుకొనిపోతే ముందుగా వ్యతిరేకించేవాడిని నేనే.

ఈ నాలుగింటికీ నిలిచిన తరువాత ఐదవది శక్తి. అప్పుడు ఆ ప్రశ్న చాలా చిన్నదైపోతుంది. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను. రద్దైన జిప్సీ నుండి, రద్దు పత్రంతో, గేర్‌బాక్సు, తీగల అల్లిక, కంప్యూటరు సహా ఒకే బండివి అన్నీ తీసిన ఇంజను ఈ చట్రానికి ఉచితం. అంత సొమ్ము లేనపుడు ఓమ్నీ ఇంజనుతో నెమ్మదిగా నడుపుకోవచ్చును; అందులో చిన్నతనం లేదు. రెండూ కుదరకపోతే పద్మిని ఇంజనునే మరొకటి వెతికి తెచ్చుకోవాలి. బిల్లులేని టర్బో ఇంజను మాత్రం ఎంత చవకగా వచ్చినా ఖరీదైనదే.

విద్యార్థులారా! మీలో చాలామంది కార్లు కట్టరు. కాని ప్రతివారూ జీవితంలో ఏదో ఒక ఇంజను మార్చవలసి వస్తుంది. చదువు మధ్యలో ఆగి వేరొక చదువు వెతుక్కొంటారు. ఒక వృత్తి చెడి మరొక వృత్తికి పోతారు. అప్పుడు పక్కవాని బండిలోని శక్తిని చూసి మోసపోకండి. నా చట్రం ఎంత మోస్తుంది, ఇది నాతో కలుస్తుందా, చెడితే నాకు తోడెవరు, దీని మూలం శుద్ధమా అని అడగండి. ఎంత చెట్టుకు అంత గాలి అని మన పెద్దలన్నది నిరుత్సాహపరచుటకు కాదు, చెట్టు విరగకుండుటకు.

ఇంతకూ మా వాడేమి చేసినాడని మీరడుగవచ్చును. బయానా ఇవ్వలేదు. ఆ సొమ్ము తల్లి పెట్టెలోకి తిరిగి చేరినది. మొన్న నేను షెడ్డు మీదుగా పోతుంటే ఖాళీ చట్రంలో అట్టముక్కలు అమర్చి, ఉస్తాదు టేపు పట్టుకొనగా వాడు అంకెలు వ్రాసుకొంటున్నాడు. ఇంజను ఇంకా కొనలేదు. కొలతలు తీసుకొంటున్నాడు. ఒక అధ్యాపకునికి అంతకన్న కావలసినదేమున్నది?